వచ్చేది మనవాళ్ళే అనుకున్నారు

మే నెలాఖర్లో దామలచెరువు వెళ్తే ఊరు కనపడకముందే మామిడికాయ వాసన తగులుతుంది. మండీల ముందు ట్రాక్టర్లు వరసకట్టి ఉంటాయి. తోతాపురి కుప్పల పక్కన గడ్డి పరిచిన లారీలు, ధర ఎంత పలికిందో కనుక్కోవడానికి ఫోన్ చెవికి ఆనించుకుని అటూ ఇటూ తిరిగే రైతులు. మొన్న ఎండాకాలంలో మా బంధువొకాయన తోట కాయ తోలుతుంటే నేనూ వెంట వెళ్ళాను. తూకం దగ్గర నాకేం పని? టీ అంగడి బెంచీ మీద కూర్చున్నాను. కనుమ వైపు మబ్బు పట్టింది, చూస్తూ ఉండగానే పెద్ద పెద్ద చినుకులు.

"ఇలాంటి వానలోనే ఇక్కడ ఒక నవాబు చచ్చిపోయాడు, తెలుసా?" అన్నాను అంగడాయనతో.

"ఎప్పుడు సార్? పేపర్లో రాలేదే!" అన్నాడాయన, గ్లాసులు కడుగుతూ.

పేపర్లో వచ్చే అవకాశం లేదు. అది 1740 మే 20. చనిపోయింది ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్. ఆ రోజుల్లో చిత్తూరు, తిరుపతి, వేలూరు అన్నీ ఆయన ఏలుబడే. చంపింది నాగపూరు రఘోజీ భోంస్లే తెచ్చిన మరాఠా దండు. మన పక్కనే జరిగిన ఈ యుద్ధాన్ని నేను చదువుకున్న ఏ పాఠంలోనూ చెప్పలేదు. పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో సహా బట్టీపట్టాం. పాకాల నుంచి కూతవేటు దూరంలో ఉన్న కనుమ మాత్రం మాకు బస్సు రూటే.

కథ క్లుప్తంగా ఇదీ. నవాబు అల్లుడు చందా సాహెబు తిరుచిరాపల్లిని రాణి మీనాక్షి చేతిలోంచి ప్రమాణం చేసి మరీ లాక్కున్నాడు. తర్వాత తంజావూరు మీద పడ్డాడు. తంజావూరును ఏలుతున్నది శివాజీ తమ్ముడి వంశం. వాళ్ళు మరాఠా రాజధాని సతారాకు మొరపెట్టుకున్నారు. పైగా మరాఠాలకు రావలసిన చౌతు, అంటే ఆదాయంలో నాలుగోవంతు కప్పం, బకాయి ఉంది. సాహు మహారాజు రఘోజీని, ఫతేసింగును దక్షిణానికి పంపాడు. దండు వస్తోందని నవాబుకు ముందే తెలుసు. అయితే ఆయన బలగమంతా చెల్లాచెదురుగా ఉంది. పెద్దకొడుకు సఫ్దర్ అలీ సైన్యంతో దక్షిణాన ఉన్నాడు, అల్లుడు తిరుచ్చిలో ఉన్నాడు. ఇద్దరినీ రమ్మని కబురు పెట్టి, చేతిలో ఉన్న కొద్దిమందితో ఆయనే వచ్చి దామలచెరువు కనుమకు అడ్డంగా నిలబడ్డాడు. తెలివైన పనే. పీఠభూమి నుంచి మైదానంలోకి దిగాలంటే దారులు తక్కువ. ఇరుకు దారిలో కొద్దిమందితో పెద్ద దండును ఆపొచ్చు.

రఘోజీ ఆ ఇరుకు దారికి రాలేదు. కొండల్లో ఇంకో దారి పట్టి, చుట్టూ తిరిగి దిగాడు. ఆ దారికి కాపలా ఉన్న సర్దారు అమ్ముడుపోయాడని చెబుతారు. తెల్లారేసరికి వాన. నవాబు శిబిరానికి వెనకవైపు, అంటే ఆర్కాటు దిక్కు నుంచి, గుర్రపుదండు ఒకటి వస్తూ కనిపించింది. చూశారు, చూసి సంతోషించారు కూడా. సఫ్దర్ అలీ వచ్చేశాడు అనుకున్నారు. రమ్మని కబురు పెట్టింది వాళ్ళే, వచ్చేది ఆ దిక్కు నుంచే. అనుమానం ఎందుకొస్తుంది? దగ్గరికొచ్చాక గానీ అది మరాఠా దండని తెలియలేదు. నవాబూ, ఆయన ఇంకో కొడుకు హసన్ అలీ అక్కడే పోయారు. దివాను పట్టుబడ్డాడు.

ఈ కథలో నన్ను వదలనిది ఆ కొద్ది నిమిషాలు. శత్రువు కంటికి కనిపిస్తూనే ఉన్నాడు, దాక్కుని లేడు. చూసిన కళ్ళు గుడ్డివీ కావు. నవాబు నిద్రపోవడం లేదు, తాగి పడిపోలేదు, యుద్ధం సంగతి మరిచిపోలేదు. యుద్ధం కోసమే వచ్చి కూర్చున్నాడు. అయినా దెబ్బ తిన్నాడు.

హఠాత్తు దాడి అనగానే మనం ఒకే బొమ్మ ఊహించుకుంటాం. ఏమరుపాటుగా ఉన్నవాడి మీద చీకట్లోంచి దూకినవాడు. కాపలా సరిగ్గా లేదు, నిఘా విఫలమైంది, మొద్దునిద్ర, ఇవే మాటలు. నా మటుకు నాకు ఆ బొమ్మ సగమే నిజం అనిపిస్తుంది. చాలాసార్లు దెబ్బ తిన్నవాడి దగ్గర సమాచారం ఉంటుంది. దానితోపాటు ఒక ఎదురుచూపు కూడా ఉంటుంది. ఎవరో రావాలి, వస్తారు, వస్తున్నారు. కంటికి కనిపించినదాన్ని ఆ ఎదురుచూపు తనకు తగ్గట్టు మలుచుకుంటుంది. దాడి చేసేవాడికి కావలసింది కూడా చీకటి కాదు, ఆ ఎదురుచూపే.

1941 డిసెంబరు 7 ఉదయం హవాయి దీవుల్లో జరిగింది చూడండి. ఒపానా అనే చోట అమెరికా సైన్యం రాడార్ ఒకటి పెట్టింది. 7 గంటల 2 నిమిషాలకు దాని ముందున్న ఇద్దరు సిపాయిలకు ఉత్తరం నుంచి పెద్ద విమానాల గుంపు కనిపించింది. ఇంకా 130 మైళ్ళ దూరంలో ఉంది. ఫోన్ చేశారు. అవతల ఫోన్ తీసిన కుర్ర లెఫ్టినెంటుకు ఆ ఉదయం కాలిఫోర్నియా నుంచి తమ బాంబర్లు రావలసి ఉందని ఒక అంచనా ఉంది. పట్టించుకోవద్దన్నాడు. అతను ఊహించిన బాంబర్లు నిజంగానే వచ్చాయి కూడా, సరిగ్గా దాడి మధ్యలోకి. దానికి కాస్త ముందే రేవు ముఖద్వారంలో ఒక అమెరికా యుద్ధనౌక చిన్న జపాను జలాంతర్గామిని ముంచి ఆ సంగతి పైకి తెలియజేసింది. ఖాయం చేసుకుందాం ఆగండన్నారు. ఆ ఆగడంలోనే పెర్ల్ హార్బర్ అయిపోయింది. 2,403 మంది అమెరికన్లు చనిపోయారు.

మన దామలచెరువుకూ ఒపానా కొండకూ మధ్య రెండు వందల ఏళ్ళు. చూసే సాధనం మారింది. చూసినదానికి చెప్పుకున్న అర్థం మాత్రం అదే. మనవాళ్ళే.

ఇంత దూరం పోవడం ఎందుకు, నా సంగతే చెప్తాను. 2021 నవంబరు 18. తిరుపతిలో ఉన్నవాళ్ళకు ఆ తేదీ గుర్తుండే ఉంటుంది. పగలంతా వానే. కపిలతీర్థం దగ్గర కొండ మీంచి బురదనీళ్ళు విరుచుకుపడుతున్న వీడియో ఒక్క సాయంత్రంలో నాకు ఏడుగురు పంపారు. ఏడుసార్లూ చూశాను, నేను కూడా నలుగురికి పంపాను. కరెంటు పోయింది, పడుకున్నాం. మా వీధికి రోజు మార్చి రోజు తెల్లారుజామున కొళాయి వస్తుంది. నాలుగింటప్పుడు ఎక్కడో గలగలమని చప్పుడు. మా ఆవిడ నిద్రలోనే, "నీళ్ళొచ్చినట్టున్నాయండీ, బిందె పెట్టండి" అంది. లేచాను. చీకట్లో తడుముకుంటూ బిందె తీసుకుని వంటింట్లోకి అడుగు పెడితే పాదం చల్లగా మునిగింది. టార్చి వేశాను. నా చెప్పులు వంటింటి గడప దాటి ఇవతలికి తేలుతూ వస్తున్నాయి. పెరటి కాలువ ఎగదన్ని తలుపు సందులోంచి నీళ్ళు లోపలికి పడుతున్నాయి. ఆ చప్పుడే మేము విన్నది. బియ్యం మూట అడుగు అప్పటికే తడిసింది. నేను బిందె పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను.

వరద వస్తుందని నాకు తెలియదా? తెలుసు. ఏడు వీడియోలు. అయినా నీళ్ళ చప్పుడు వినగానే నా బుర్ర కొళాయినే వెతుక్కుంది. ఆ రోజు కొళాయి రావలసిన రోజు కాబట్టి. ఆ తర్వాత దోస్త్ అలీని తిట్టే హక్కు నాకు లేదనిపించింది.

ఇక ఆ అమ్ముడుపోయిన సర్దారు. ఈ తరహా కథల్లో తప్పకుండా ఒకడుంటాడు. ఇంటిగుట్టు లంకకు చేటు అని మనకు సామెతే ఉంది. ఓడిపోయినవాళ్ళకు ద్రోహి ఎంత అవసరమో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అతనొక్కడు లేకపోతే గెలిచేవాళ్ళం అనుకుంటే గుండె బరువు తగ్గుతుంది. ద్రోహం జరగలేదని నేననడం లేదు, జరిగే ఉండొచ్చు. అయితే మరాఠా గుర్రాలు కొండ ఎలా దాటాయన్నదానికే ఆ ద్రోహం జవాబు. కొండ దాటి మైదానంలో కనిపించిన తర్వాత, ఒక్క రౌతును ముందుకు పంపి "ఎవరు మీరు?" అని ఎందుకు అడిగించలేదన్నదానికి జవాబు కాదు. ఆ ప్రశ్న అడగాలంటే ముందు అనుమానం రావాలి. కొడుకు కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్న తండ్రికి ఆ అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది?

తెలిసినదాన్ని పక్కన పెట్టడంలో మాత్రం చెన్నపట్నం కుంపిణీ దొరలను మించినవాళ్ళు తక్కువ. 1780లో హైదర్ అలీ దండు కూడగడుతున్నాడని కబుర్లు వస్తూనే ఉన్నాయి. వాళ్ళకు హైదర్ మీద కంటే వాళ్ళలో వాళ్ళకున్న తగాదాల మీద ధ్యాస ఎక్కువ. జూలైలో ఆయన కనుమలు దిగి వచ్చి, తగలబెట్టిన ఊళ్ళ పొగ చెన్నపట్నం పక్కనున్న పరంగికొండ మీది వాళ్ళకు కనిపించేదాకా కదల్లేదు. సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో కర్నల్ బెయిలీ నడిపిన కుంపిణీ పటాలం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఇది ఎదురుచూపు వల్ల జరిగిన పొరపాటు కాదు, ఒట్టి పొగరు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. అదే హైదర్ రెండేళ్ళ తర్వాత మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో శిబిరంలోనే చనిపోయాడు. 1782 డిసెంబరు 7. పెర్ల్ హార్బర్ తేదీయే, కాకతాళీయం. కొడుకు టిప్పు మలబారు వైపు నుంచి వచ్చేదాకా ఆ చావు సంగతి బయటికి పొక్కకుండా దివాన్లు దాచిపెట్టారు. ఇంగ్లీషువాళ్ళకు మాత్రం, ఉన్నాడనుకున్న శత్రువు ఎప్పుడో లేకుండా పోయాడు. ఏమార్చడం ఆ వైపు నుంచి కూడా జరుగుతుంది.

ఎదురుచూపును తయారుచేసి పెట్టడం ఇంకొక మెట్టు పైన. 1973లో ఈజిప్టు చేసింది అదే. సూయజ్ కాలువ ఒడ్డున సైన్యాన్ని పోగు చెయ్యడం, విన్యాసాలు జరపడం, వెనక్కి తీసుకుపోవడం. మళ్ళీ పోగు చెయ్యడం, మళ్ళీ వెనక్కి. ఆ ఏడాది మేలో ఇజ్రాయెల్ హడలిపోయి సైన్యాన్ని అప్రమత్తం చేసింది. యుద్ధం రాలేదు. ఖర్చు మాత్రం మిగిలింది. ఆ గొడవలో "ఏమీ జరగదు" అన్న నిఘా అధిపతి మాటే నిజమైంది, ఆయన పరపతి పెరిగింది. అక్టోబరులో కాలువ ఒడ్డున మళ్ళీ సైన్యం చేరితే ఈసారీ విన్యాసాలే అనుకున్నారు. దూరం పోయే బాంబర్లు, క్షిపణులు చేతికి వచ్చేదాకా ఈజిప్టు యుద్ధానికి దిగదని వాళ్ళకొక సిద్ధాంతం. అది అర్థంలేని సిద్ధాంతమేమీ కాదు, గూఢచారుల ద్వారా సంపాదించిన గట్టి సమాచారం మీదే నిలబెట్టుకున్నారు. ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ మధ్యలో మనసు మార్చుకున్నాడు, సిద్ధాంతం మారలేదు. అక్టోబరు 6 మధ్యాహ్నం 2 గంటలకు ఈజిప్టు సైనికులు పడవల్లో కాలువ దాటారు. ఆవలి ఒడ్డున కొండలా పోసిన ఇసుక కట్టను బాంబులతో కాదు, పంపులు పెట్టి నీళ్ళతో కొట్టి కరిగించారు. మన దగ్గర గట్టుకు గండి పడితే ఒక్క పూటలో ఎంత మట్టి పోతుందో చూసినవాళ్ళకు ఆ ఉపాయం వెంటనే అర్థమవుతుంది.

దీనికొక తోక ఉంది. సరిగ్గా ఎనిమిదేళ్ళకు, 1981 అక్టోబరు 6న, ఆ కాలువ దాటిన రోజునే పండగ చేసుకుంటూ సాదత్ కైరోలో కవాతు చూస్తున్నాడు. కవాతులోని ట్రక్కు ఒకటి ఆగింది. సైనికులు దూకి వేదిక వైపు పరిగెత్తుకొచ్చారు. తనకు వందనం చెయ్యడానికి వస్తున్నారనుకుని ఆయన లేచి నిలబడ్డాడని అంటారు. వాళ్ళు కాల్చారు. తన సైన్యం, తన యూనిఫారం, తన పండగ.

మనకు కార్గిల్ ఉంది. చలికాలం మంచు ముంచెత్తితే పై శిఖరాల మీది చౌకీలు ఖాళీచేసి కిందికి దిగడం, ఎండాకాలం మళ్ళీ ఎక్కడం ఏళ్ళ తరబడి నడిచిన అలవాటు. అవతలివాళ్ళు కూడా అంతేనని ఒక లెక్క. 1999 ఫిబ్రవరిలో వాజపేయి బస్సులో లాహోరు వెళ్ళొచ్చారు, గాలి కూడా స్నేహంగా ఉంది. మే మొదట్లో తప్పిపోయిన జడలబర్రెను వెతుక్కుంటూ పోయిన తాషీ నాంగ్యాల్ అనే పశువుల కాపరి కొండ మీద కొత్త మనుషులను చూసి సైన్యానికి చెప్పాడు. ఆ పైన కూడా కొన్నాళ్ళు వాళ్ళను మామూలు చొరబాటుదారులే అనుకున్నాం. అలాంటివాళ్ళు ఎప్పుడూ వస్తూ ఉంటారు కాబట్టి, వచ్చింది వాళ్ళే అయి ఉండాలి. పాకిస్తాన్ సైన్యమే స్వయంగా శిఖరాలు ఎక్కి కూర్చుందని తేలేసరికి రోజులు గడిచాయి. ఆ శిఖరాలు ఒక్కొక్కటే తిరిగి ఎక్కడానికి మనవాళ్ళు 527 మంది ప్రాణాలు ఇచ్చారు.

కారణాల సంగతి ఇది. ఫలితాల దగ్గర నాకింకో పేచీ ఉంది. హఠాత్తు దాడితో యుద్ధం సగం గెలిచినట్టే అని టీవీ చర్చల్లో తరచుగా వింటాం. చరిత్ర చూస్తే ఆ మాట నిలబడదు. మొదటి రోజు లెక్క ఒకటి, పదో ఏటి లెక్క వేరు. పెర్ల్ హార్బర్‌లో దెబ్బతిన్న ఎనిమిది పెద్ద యుద్ధనౌకల్లో ఆరు మళ్ళీ సముద్రంలోకి వచ్చాయి. విమానవాహక నౌకలు ఆ రోజు రేవులోనే లేవు. చమురు ట్యాంకుల జోలికి జపాను పోలేదు. యుద్ధంలోకి దిగాలా వద్దా అని చీలి ఉన్న అమెరికాను ఒక్క ఉదయంలో ఏకం చేసిపెట్టింది. ఎవరి తెలివి ఎవరికి ఉపయోగపడింది?

దామలచెరువులో దీనికి సరిగ్గా తిరగబడింది. అక్కడ పోయింది ఒక నవాబు, ఒక కొడుకు, కొంత సైన్యం. పెద్దకొడుకు సైన్యం చెక్కుచెదరలేదు. అల్లుడి సైన్యం కూడా అలాగే ఉంది. ఇద్దరూ కలిసి నిలబడి ఉంటే రఘోజీ కొంత సొమ్ము తీసుకుని పోయేవాడేమో. ఆర్కాటు దాకా వచ్చిన సఫ్దర్ అలీ తండ్రి చావు కబురు విని వేలూరు కోటలో దూరాడు. చందా సాహెబు దారిలోంచే తిరుచ్చికి వెనుదిరిగాడు. సఫ్దర్ మరాఠాలతో కోటి రూపాయలకు, అదీ వాయిదాల మీద, ఒప్పందం చేసుకున్నాడు. దానికి చాటున ఇంకో ఒప్పందం: మళ్ళీ వచ్చి తిరుచ్చిని మా బావ చేతిలోంచి తీసుకోండి, మేం అడ్డురాము. 1741లో మరాఠాలు తిరుచ్చిని తీసుకుని చందా సాహెబును సతారాకు ఖైదీగా పట్టుకుపోయారు. 1742లో వేలూరులో సఫ్దర్ అలీని ఇంకో బావ చంపించాడు. తర్వాత సఫ్దర్ చిన్నకొడుకు. ఆ కుటుంబం తనని తాను తినేసింది. రఘోజీ కత్తి చేసింది తక్కువ, మిగిలినదంతా ఇంట్లోవాళ్ళే చేసుకున్నారు.

మధ్యలో పుదుచ్చేరి. దోస్త్ అలీ భార్య, పిల్లలు నగా నట్రా మూటగట్టుకుని అక్కడి ఫ్రెంచి గవర్నరు ద్యూమా దగ్గర తలదాచుకున్నారు. వాళ్ళను అప్పగించమని రఘోజీ బెదిరించాడు. ద్యూమా ససేమిరా అన్నాడు. ఆయన పంపిన ఫ్రెంచి సారాయి సీసాలు రఘోజీ ఇంటావిడకు తెగ నచ్చాయనీ, ఇంకొన్ని దొరుకుతాయన్న ఆశతో రఘోజీ మెత్తబడ్డాడనీ ఒక సరదా కథ ఉంది. నిజమెంతో గానీ, కోట గోడల వెనక కూర్చున్న కొద్దిమంది పరంగులు మరాఠాలకు జంకలేదన్న పేరు దేశమంతా పాకింది. తర్వాతి కథ పుస్తకాల్లో ఉన్నదే. నవాబు గద్దె ఖాళీ, కొత్త నవాబుగా అన్వరుద్దీన్ రాక, 1749లో ఆంబూరు దగ్గర ఆయన చావు, ఒక పక్షాన ఫ్రెంచివాళ్ళు, ఇంకో పక్షాన ఇంగ్లీషువాళ్ళు. 1751లో ఉరుముల వానలో నడిచి వచ్చి ఆర్కాటు కోటలోకి క్లైవు అడుగుపెడితే కాపలావాళ్ళు ముందే పారిపోయారు. మళ్ళీ వానే. చివరికి ఇంగ్లీషువాళ్ళు నిలబెట్టిన నవాబు మహమ్మద్ అలీ, కుంపిణీకి పడ్డ అప్పుల కింద తిరుమల కొండ ఆదాయాన్ని కూడా రాసిచ్చాడు. శ్రీవారి కానుకలు తెల్లవాళ్ళ జమాఖర్చుల్లోకి ఎక్కాయి. 1843లో హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించేదాకా ఆ పెత్తనం వాళ్ళదే.

దామలచెరువులో వాన పడకపోతే కుంపిణీ వచ్చేది కాదని చెప్పడం లేదు. అలా గొలుసులు అల్లడం తేలిక, నాకూ సరదాగానే ఉంటుంది గానీ, నమ్మను. నేననేది ఇంతే. ఆ ఉదయం ఎదురుచూసిన కొడుకే, ఆ మధ్యాహ్నం నుంచి తన బావను అమ్మడానికి సిద్ధపడ్డాడు. దెబ్బ వల్ల ఏం జరుగుతుందనేది దెబ్బలో ఉండదు, అది తిన్న ఇల్లు అప్పటికే ఎలా ఉందన్నదానిలో ఉంటుంది.

చిన్నప్పుడు మా ఊళ్ళో భారతం ఆడేవాళ్ళు. చిత్తూరు జిల్లా పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. ద్రౌపదమ్మ గుడి ముందు పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి నాటకం. తపసు మాను ఎక్కే రోజు, బకాసుర వధ రోజు జనం విరగబడతారు. ఆఖరి రోజు దుర్యోధన వధ. నేల మీద వెల్లకిలా పడుకున్నట్టు మట్టితో చేసిన అంత పెద్ద దుర్యోధనుడు, భీముడి వేషగాడు గద తీసుకుని ఆ తొడ మీద కొట్టగానే జనం ఆ మట్టి కోసం ఎగబడేవాళ్ళు, గాదెల్లో వేసుకుంటే మంచిదని. అక్కడితో మాకు యుద్ధం అయిపోయింది. సాయంత్రం అగ్నిగుండం, తర్వాత పట్టాభిషేకం.

కానీ భారతంలో ఆ రాత్రి ఒకటి ఉంది. హరికథ భాగవతారు దాన్ని పది నిమిషాల్లో దాటించేసేవాడు. మేమంతా అప్పటికే లేచి పోతుండేవాళ్ళం. తిక్కన రాసిన సౌప్తిక పర్వం తర్వాత ఎప్పుడో చదివితే గానీ నాకా రాత్రి తెలియలేదు. దుర్యోధనుడు కూలాడు, యుద్ధం గెలిచాం అని పాండవ శిబిరం ఒళ్ళు మరిచి నిద్రపోయింది. చెట్టు కింద నిద్రపట్టని అశ్వత్థామ, గుడ్లగూబ ఒకటి వచ్చి నిద్రపోతున్న కాకులను చంపడం చూశాడు. అతనికి దారి దొరికింది. తెల్లారేసరికి ధృష్టద్యుమ్నుడు లేడు, శిఖండి లేడు, ఉపపాండవులు అయిదుగురూ లేరు. ఇంత చేసి అశ్వత్థామకు దక్కిందేమిటి? రాజు ఆ కబురు విని కన్నుమూశాడు. తల మీది మణి పోయింది, శాపం మిగిలింది. మేం గాదెల్లో వేసుకోవడానికి మట్టి మూటగట్టుకుని ఇంటికి పోయే వేళే ఆ శిబిరం తగలబడే వేళ అన్నమాట. ఇప్పటికీ భారతం ఆడే ఊళ్ళో ఆగితే నాకు ఆ పది నిమిషాల కోసమే ఆగాలనిపిస్తుంది.

దాడి వచ్చి కూడా ఫలించని రోజులు కొన్ని ఉన్నాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే చూడటానికి అక్కడ ఏమీ ఉండదు. 1965 సెప్టెంబరు 6 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్ మీద పడి, ఆరుబయట నిలిపి ఉన్న మన విమానాలను నేల మీదే కాల్చేశాయి. కొత్తగా వచ్చిన మిగ్-21లు కూడా వాటిలో ఉన్నాయి. 1967లో ఇజ్రాయెల్ ఒక్క పొద్దుటిపూటలో ఈజిప్టు వైమానిక దళాన్ని అలాగే నేల మీద నాశనం చేసింది. మనవాళ్ళు రెండూ చూశారు. విమానానికొక కాంక్రీటు గూడు కట్టించారు. 1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ అదే ఎత్తు మళ్ళీ వేసింది, ఏకంగా ఎన్నో వైమానిక స్థావరాల మీద ఒకేసారి. రన్‌వేల మీద గుంతలు పడ్డాయి, రాత్రికి పూడ్చేశారు. పదమూడు రోజులకు ఢాకా లొంగిపోయింది. ఆ గూళ్ళు కట్టేటప్పుడు ఇంత సిమెంటు దేనికి, వేరే పనికి వాడొచ్చుగా అని ఎక్కడో ఒక ఆఫీసులో ఒక ఫైలు మీద ఎవరో రాసే ఉంటారని నా ఊహ. మన ఆఫీసుల సంగతి మనకు తెలియనిదా.

అన్నిటికంటే కష్టమైన చిక్కు అక్కడే ఉంది. నిజంగా అప్రమత్తంగా ఉండటమంటే, పదిసార్లలో తొమ్మిదిసార్లు అనవసరంగా పరిగెత్తడం. "నాన్నా పులి" కథలో పిల్లవాడు అబద్ధాలకోరు కాబట్టి మనకు తీర్పు సులువు. 1973 మేలో ఇజ్రాయెల్‌ను పరిగెత్తించినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. పులి నిజంగానే పొలిమేర దాకా వచ్చి పోయింది. అయినా అక్టోబరులో వాళ్ళ మాట చెల్లలేదు.

మా వరద వచ్చిన రెండు మూడు రోజులకే రాయలచెరువు కట్ట నుంచి నీళ్ళు ఊరుతున్నాయని కబురొచ్చింది. అంత పెద్ద చెరువు తెగితే ఏమవుతుందో ఊహించడానికే భయం. దిగువ ఊళ్ళన్నిటినీ ఖాళీ చేయించారు. గొడ్డూ గోదా తోలుకుని, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని జనం తరలిపోయారు. రాత్రీ పగలూ ఇసుక మూటలు వేశారు. కట్ట నిలిచింది. అందరూ తిరిగి ఇళ్ళకు వచ్చారు.

ఆ దిగువ ఊళ్ళలో ఒకచోట నాకు వరసకు పెద్దమ్మ అయ్యే ఆవిడ ఉంది. కొన్నాళ్ళకు చూడటానికి వెళ్ళాను. మూడు రాత్రులు బడిలో పడుకోబెట్టారట, ఆ గొడవలో రెండు కోళ్ళు పోయాయట. కట్ట తెగి ఉంటే ఏమయ్యేది పెద్దమ్మా అన్నాను.

"తెగలేదు కదరా" అంది. "ఈ తూరి వచ్చి మైకులో అరిస్తే నేను మాత్రం కదల్ను. కావాలంటే నువ్వు ఎత్తుకుపో."

దూడ పలుపు విప్పుకుంటే దాన్ని కట్టెయ్యడానికి లేచి వెళ్ళింది.